గుర్రంపోడు కాడ ఎక్కిన జ్వరం

పడిశమైతే చెప్పొస్తది.
ముందుగాల ముక్కు చెమ్మగిల్లుతది,
రెండు తుమ్ములు, గొంతుల గరగర,
డ్యూటీకి పోవచ్చు, ఇంటికి రావచ్చు,
సాదుకున్న పిల్లి తీరు మన ఎంబడే తిరుగుతది.

ఇది అట్ల రాలే.
దేవరకొండల బండెక్కినప్పుడు బాగనే ఉన్న.
కొండమల్లేపల్లిల నలభై రెండు జీరో టికెట్లు కొట్టిన,
ఒక తాతతోని చిల్లరకు కొట్లాడిన.
గుర్రంపోడు దాటంగనే,
మిషన్ మీద టైము రెండు ఇరవై,
ఎవరో ఎన్కకెల్లి రోకలితోని కొట్టినట్టు
నడుము, పిక్కలు,
కనుగుడ్ల ఎన్క గూడ నొప్పి.
బండంత ఉక్కపోస్తుంటె నాకొక్కదానికే చలి.
జహంగీరన్న అద్దంల చూసి
"ఏంది చెల్లే, విజిల్ ఊదుతలేవు?" అన్నడు.
నోట్ల విజిలుంది.
ఊదనీకె ఊపిరి లేదు.

ఎవరి తాననుంచి వచ్చిందో ఏం ఎరుక.
మొన్న నాలుగో సీట్ల ఒక పిల్లగాడు
దగ్గి దగ్గి తల్లి కొంగుల పండిండు.
వాన్నేమంటం.
జల్లు కొడుతుందని అద్దాలన్ని మూయించింది నేనే.

మా అత్తది మర్రిగూడ దిక్కు.
చిన్ననాడు తాగిన బోరు నీళ్లు
బొక్కల్ల గడ్డకట్టి వంచినయ్ ఆమెను.
"ఒళ్లు నొప్పులా బిడ్డా, నాకెప్పుడు లేవు?" అనుకుంట
మంచం దగ్గరికి రాబోయింది.
ఆగు అత్తా.
నీ నొప్పి నీళ్లల్ల వచ్చింది, నలభై ఏండ్లు పట్టింది.
నాది బస్సుల వచ్చింది, గంట పట్టలే.
గడప అవుతలనే ఉండు.

మా ఆయన పర్వతాలు షాపుల చెప్పి
రంగురంగుల గోళీల పొట్లం పట్టుకొచ్చిండు.
ఆశా వర్కర్ సైదమ్మ అది విప్పి
రెండు రకాలు పక్కకు పెట్టింది.
"ఈ యాంటీబయాటిక్ దీనికి పని చెయ్యది, ఇది వైరస్.
ఇంత తిని పారసిటమాల్ ఏసుకో,
ఆరు గంటలు గడిస్తెనే ఇంకోటి.
మిగిలింది నీళ్లు, నిద్ర.
ఆయాసమొచ్చినా, ఛాతిల పట్టేసినా,
తగ్గిన జ్వరం మల్ల మర్లబడినా
నాకు ఫోన్ చేసుకుంట కూసోకు,
సీదా నల్లగొండ పెద్ద దవాఖానకు పో.
ముసలామెకు అంటిందనుకో,
పొద్దు గూడ చూడొద్దు."

రెండో రాత్రి గోడ మీద
ఎక్కేటోళ్లు, దిగేటోళ్లు కనవడ్డరు.
పొడి దగ్గు పక్కటెముకలు ఇరగ్గొట్టింది.
మూడో తరగతి చదివే నా బిడ్డ మేఘమాల
మూతికి నా పాత చున్నీ కట్టుకొని
థర్మామీటర్ ఎత్తి చూసింది,
"నూట రెండు రూపాయల అరవై పైసలమ్మా!"
నవ్వు రాబోయి దగ్గొచ్చింది.
గోరెచ్చని నీళ్లల్ల తువ్వాల పిండి నుదుట ఏసి
కిటికీ తెరిచి
మల్ల గడప అవుతలికి ఉరికింది.

అత్త ఊకుంటదా.
జొన్న జావల ఇంత ఉప్పు, ఇంత మజ్జిగ,
మాపటికి మిరియాల చారు.
వంగి పెట్టనీకె నడుము రాదు,
ముక్కాలి పీట మీద గిన్నె పెట్టి
చేతికట్టెతోని నూకింది లోపలికి.
పీట కాళ్లు బండల మీద కిర్రుమన్నయ్.
ఆ సప్పుడుకే సగం ఆకలైంది నాకు.

నాలుగోనాడు తెల్లారగట్ల
బొంత తడిసేటట్టు చెమట పోసింది.
చింతకాయ తొక్కు మీదికి మనసు పోయింది.
లేచి నిలవడితె మోకాళ్లు నాయి కావు.
డిపో నుంచి ఫోను, "రేపు వస్తవా?"
విజిల్ తీసి ఊది చూసిన.
తుస్సుమన్నది.
"ఇంక రెండు దినాలు సార్," అన్న.
ఆయన ఏదో అన్నడు.
పెట్టేసి పండుకున్న.

ఏడోనాడు మళ్ల అదే బండి, అదే వాన.
ఎన్క సీట్ల ఎవరో దగ్గుతున్నరు.
ఒక్కొక్క అద్దం జరుపుకుంట పోతున్న.
"జల్లు పడుతుంది మేడం!"
పడనియ్యుండ్రి.